తిరగేసి కట్టిన రుమాలు

సెనీహా రోజుకి పది మాటలకు మించి మాట్లాడదని మా దెరెబాషి ఊళ్ళో అందరికీ తెలుసు. ఆ పదిలో ఆరు వాళ్ళ నానమ్మకే పోతాయి. మిగతా నాలుగూ అద్దకం బల్ల మీద రంగు ఒలికినప్పుడు వాడుకుంటుంది.

అలాంటి సెనీహా ఏప్రిల్ నెలలో ఒక మంగళవారం ఉదయం నడివీధిలో నిలబడి ముక్కూ మొహం తెలియని ఒక యువకుణ్ణి తిట్టింది. రొట్టెల కొట్టు ముందు క్యూలో ఉన్నవాళ్ళు తమ వంతు వచ్చినా కదలకుండా విన్నారు.

జరిగింది ఇది. మసీదు బయటి గోడకున్న కుళాయి దగ్గర ఆమె రాగిబిందెలో నీళ్ళు పట్టుకుంటోంది. గుమ్మం ముందు కట్టిన పరంజా మీద ఒకతను నిలబడి ఆమెనే చూస్తున్నాడు. ఆమె తల వంచుకుంది. కాసేపాగి తలెత్తింది. ఇంకా చూస్తూనే ఉన్నాడు. బిందె ఎత్తుకుని నడక మొదలుపెట్టింది. వెనక అడుగుల చప్పుడు. మంగలి కొట్టు దాటింది, రొట్టెల కొట్టు దాటింది, చప్పుడు మాత్రం ఆగలేదు.

గిర్రున వెనక్కి తిరిగింది.

"ఏం కావాలి మీకు?"

అతను ఠక్కున ఆగాడు. జుట్టు నిండా రాతిపొడి. చెవి మీద పెన్సిలు, చేతిలో కొలతల టేపు.

"క్షమించండి. ఒక్క నిమిషం... ఇటు కాదు, అటు తిరుగుతారా?"

"ఎటు?"

"వెనక్కి. వెనకవైపు సరిగా కనబడటం లేదు."

క్యూలో ఎవరో "ఓహో!" అన్నారు.

సెనీహా చెవులు ఎర్రబడ్డాయి. "సిగ్గులేదూ మీకు? మసీదు బాగుచేస్తానని వచ్చి ఆడపిల్లల వెనకాల పడతారా? ఆ పరంజా కట్టింది రాళ్ళు చూడటానికా, రోడ్డు చూడటానికా? నమాజు చేయించే మా హోజా గారికి చెప్పనా? మా దావుత్ ఉస్తాకి చెప్పనా?"

"అయ్యో, మిమ్మల్ని కాదండీ! మీ తలకున్న రుమాలు. రుమాలు చూస్తున్నాను."

"అబద్ధమైనా కాస్త అతికేటట్టు చెప్పడం రాదా?"

బిందెలో సగం నీళ్ళు అతని బూట్ల మీదకి వెళ్ళాయి. చెయ్యి జారిందని ఆమె తర్వాత నానమ్మతో చెప్పింది. రొట్టెల కొట్టు వాళ్ళు మాత్రం గురిచూసి పోసిందనే ఇప్పటికీ అంటారు.

ఆ సాయంత్రమే అతను వాళ్ళింటికి వచ్చాడు. ఒంటరిగా రాలేదు. మా ఊరి రాతిపని మేస్త్రీ దావుత్ ఉస్తాని వెంటబెట్టుకుని, చేతిలో ఒక మిఠాయి పెట్టెతో వచ్చాడు. పేరు ఇల్హాన్. పాత కట్టడాలు బాగుచేసే ఆర్కిటెక్టు. బుర్సా నగరం నుంచి వచ్చి వారమే అయింది.

సెనీహా అమ్మానాన్నలకి తోకాత్ పట్నం బజారులో రుమాళ్ళ కొట్టుంది. ఊళ్ళో అద్దకం పని చూసేది నానమ్మ జెవ్రియె, సెనీహా. నానమ్మ గుమ్మంలోనే అతని బూట్ల వైపు చూసింది.

"ఇంత తడిగా ఉన్నాయేం నాయనా? వాన పడలేదే?"

"కుళాయి దగ్గర కాలు జారిందండీ."

వంటింటి తలుపు వెనక నిలబడ్డ సెనీహా విన్నది. చెప్పలేదు! తన పేరు చెప్పలేదు!

టీ పెట్టమని నానమ్మ కేకేసింది. ఇల్హాన్ దిండు మీద ఇబ్బందిగా కూర్చుని, వచ్చిన పని చెప్పాడు.

మా గుల్సుమ్ హాతూన్ మసీదు కట్టి నాలుగు వందల అరవై ఏళ్ళు. గుమ్మం మీద గుండ్రటి రాతిలో ఒక చక్రం ఉండేదట. దాంట్లో తులిప్ పూలు ఒకదాని వెనక ఒకటి తరుముకుంటున్నట్టు వంగి ఉండేవట. పెద్ద భూకంపంలో ఆ రాయి పడి ముక్కలైంది. ముక్కలు ఎవరి గొర్రెల దొడ్డి గోడలో చేరాయో ఎవరికీ తెలియదు. అప్పటి పెద్దలు ఆ బొక్కలో సిమెంటు పూసి చేతులు దులుపుకున్నారు.

"అది మళ్ళీ చెక్కాలంటే ఆధారం ఉండాలండీ," అన్నాడు ఇల్హాన్. "పాత కట్టడాల కమిటీ నియమం అది. ఊహించి చెక్కడానికి వీల్లేదు. ఆధారం దొరక్కపోతే నున్నటి రాయి పెట్టి వదిలేయాలి."

"నున్నటి రాయా? ముక్కు లేని మొహంలాగానా?" అంది నానమ్మ.

"ఫోటోల కోసం ఊరంతా తిరిగాను. ఒకే ఒకటి దొరికింది. పెళ్ళి ఊరేగింపుది. సరిగ్గా చక్రం ఉండాల్సిన చోటికి ఎవరో జెండా ఎత్తి పట్టుకున్నారు."

"ఆ జెండా పట్టుకుంది మా తాత," అన్నాడు దావుత్ ఉస్తా గర్వంగా. "ఊరందరి జెండాల కంటే ఎత్తుగా పట్టుకునేవాడు."

"ఇవాళ పొద్దున పరంజా మీంచి కిందికి చూస్తే మీ మనవరాలి తల మీద చక్రం కనిపించింది. తులిప్ పూలు. ఒకదాని వెనక ఒకటి." అతను చేతులు తిప్పుతూ చూపించాడు. "నాకు పరంజా ఎలా దిగానో కూడా గుర్తులేదు."

నానమ్మ పకపకా నవ్వింది. "అది మా అత్త ఎస్మా అచ్చు నాయనా! పందొమ్మిదేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు, తన పెళ్ళి రుమాలు మీద మసీదు చక్రమే ఉండాలని పట్టుబట్టి, నిచ్చెనెక్కి, రాతి మీద గుడ్డ పరిచి బొగ్గు రుద్ది ఎత్తుకొచ్చిందట. సొంతంగా చెక్కిన మొదటి అద్దకం అచ్చు అది. ఆ మరుసటేడే భూకంపం. ఈ కథ నాకు నలభై ఏళ్ళు రోజూ చెప్పింది. నేను చేసిన పులావు ముద్ద, నా కుట్టు వంకర, నేను అచ్చు వేస్తే పక్కకి జారుతుంది అనేది. ఆవిడ మాత్రం జన్మలో తప్పు చేయలేదు!"

సెనీహా టీ పళ్ళెంతో లోపలికి వచ్చింది. తల ఎత్తలేదు. అయితే నిజంగా రుమాలే చూశాడన్నమాట. నడివీధిలో అన్ని మాటలన్నది తనేనా? నేల చీలితే బాగుండుననిపించింది.

ఆ సిగ్గు పక్కనే ఇంకో చిన్న ముల్లు కూడా గుచ్చుకుంది. అంటే... నన్ను చూడలేదా?

ఆ ముల్లుని లోపలే గట్టిగా కసురుకుని, "చక్కెర ఎన్ని?" అని అడిగింది.

"రెండు."

నాలుగు వేసింది. అతను మాట్లాడకుండా తాగాడు.

మర్నాటి నుంచి ఇల్హాన్ రోజూ మధ్యాహ్నం అద్దకం గదికి రావడం మొదలుపెట్టాడు. రుమాలుని బల్ల మీద పరిచి, పువ్వు పువ్వూ కొలిచి, కాగితం మీద గీసేవాడు. నానమ్మ మూల కూర్చుని మేజోళ్ళు అల్లేది. అవసరమైతే ఆవిడకి పక్కింటి గుసగుసలు కూడా వినబడతాయి. అవసరం లేకపోతే ఉరుము కూడా వినబడదు.

"అచ్చు తిరగేసి చెక్కుతారు కదా?" అని మొదటిరోజే అడిగాడు ఇల్హాన్. "అద్దినప్పుడు గుడ్డ మీద సరిగ్గా పడాలంటే?"

"అవును. ఎప్పుడూ తిరగేసే," అంది సెనీహా. "మా దగ్గర పసిపిల్లకైనా తెలుసు ఆ సంగతి."

"అయితే రుమాలు మీద ఎలా ఉందో రాతి మీదా అలాగే ఉండేది. బాగుంది. దీన్నే గీస్తాను."

ఆమె మాట మీద అంత నమ్మకంగా అతను గీతలు గీస్తుంటే సెనీహాకి కొత్తగా అనిపించింది. తన మాటకి ఎవరైనా అంత విలువిచ్చింది అదే మొదలు.

"మరి ఈ అంచు దగ్గరున్న చిన్న మెలికలేంటి?"

"చీమలు."

"చీమలా?"

"మేం చీమల బారు అంటాం. చిన్నప్పటి నుంచీ."

"మసీదు గుమ్మం మీద చీమలు!" అని నవ్వుతూ వాటినీ గీసుకున్నాడు. మర్నాడు ఆ కాగితం చూసి దావుత్ ఉస్తా మండిపడ్డాడు. "తులిప్పులు చెక్కుతాను. పాతికేళ్ళుగా చెక్కుతున్నాను. చీమలు చెక్కమంటే నా వల్ల కాదు బాబూ. మా ఆవిడ ఇంట్లోకి రానివ్వదు."

"చీమలు వదిలెయ్ ఉస్తా. అవి రాతివి కావు, అచ్చు చెక్కినవాళ్ళ సరదా అయుంటుంది."

సెనీహా ఒకరోజు చక్రం రుమాలు మార్చి చామంతుల రుమాలు కట్టుకుంది. ఊరికే. పరీక్షించడానికేం కాదు. ఇల్హాన్ లోపలికి వస్తూనే ఆగిపోయాడు. చాలాసేపు చూశాడు. ఆమె రుమాలు అంచు సర్దుకుంది.

"ఇది... ఇది ఏ అచ్చు?" అన్నాడు చివరికి.

"చామంతి," అంది సెనీహా కటువుగా.

ఆ సాయంత్రం రొట్టెల కొట్టు యజమాని కూతురు పెంబె దగ్గర వాపోయింది. పెంబె, సెనీహా ఒకే బెంచీలో చదువుకున్నారు. సెనీహా లెక్కపెట్టకుండా మాట్లాడేది పెంబెతోనే.

"రుమాలు పిచ్చి మనిషే అతను. నేను మేకకి రుమాలు కట్టి పంపినా మేక చుట్టూ తిరిగి కొలతలు తీసుకుంటాడు."

"నువ్వు ఏడుస్తున్నావా, నవ్వుతున్నావా?"

"నవ్వుతున్నాను."

"మరి ముక్కు ఎందుకు తుడుచుకుంటున్నావే?" అంది పెంబె పిండి చేతులు నడుం మీద పెట్టుకుని. "ఒసే పిచ్చిదానా, నిన్న మా కొట్టుకి వచ్చాడు. రొట్టె కావాలా అంటే 'సెనీహా' అన్నాడు. తర్వాత నాలిక్కరుచుకుని 'రెండు రొట్టెలు' అన్నాడు."

"నిజంగానా?"

"రొట్టె మీద ఒట్టు."

పెంబె మాటల్లో సగం కల్పనే ఉంటుందని సెనీహాకి తెలుసు. ఏ సగమో తేలక ఆ వారమంతా రంగులు తప్పు కలిపింది.

మే నెల మొదట్లో ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి వాన దంచికొట్టింది. సెనీహా కుళాయి దగ్గర నుంచి పరుగెత్తి మసీదు ముందు వసారాలోకి చేరింది. వసారా మీద మూడు చిన్న గుమ్మటాలు. మధ్య గుమ్మటం కింద ఇల్హాన్ అప్పటికే నిలబడి ఉన్నాడు. ఆమె మూడో గుమ్మటం కిందికి వెళ్ళి నిలబడింది. మధ్యలో ఒక స్తంభం, వాన చప్పుడు.

"అటు చూడండి," అన్నాడు అతను, దక్షిణపు గోడ పైభాగం చూపిస్తూ. అక్కడ రాతిలో చెక్కిన పిచ్చుకల మేడ ఉంది. చిన్న కిటికీలు, చిన్న గుమ్మటం, చిన్న మినారు కూడా. రెండు పిచ్చుకలు కిటికీలోంచి వానని తిట్టుకుంటున్నాయి. "ఇంత పెద్ద కట్టడం కడుతూ, పిచ్చుకలు తడవకుండా ఇల్లు కట్టాలని గుర్తుపెట్టుకున్నాడు చూడండి ఆ మేస్త్రీ."

"మా నానమ్మ వాటిని అద్దెకున్నవాళ్ళు అంటుంది," అంది సెనీహా.

అతను నవ్వాడు. "ఈ గోడలో రాయికీ రాయికీ మధ్య ఇనుప పట్టీ ఉంది. దాని చుట్టూ సీసం కరిగించి పోశారు. సీసం మెత్తన. భూమి కదిలితే అదీ కాస్త కదిలి రాళ్ళని ఊగనిస్తుంది. ఊగనివ్వబట్టే ఇన్ని భూకంపాలకి గోడ నిలిచింది. చక్రం రాయికి మాత్రం ఎందుకో ఆ పట్టీ వేయలేదు. మేస్త్రీ ఆ రోజు మర్చిపోయాడు."

"ఎవరినో చూస్తూ మర్చిపోయుంటాడు."

ఆ మాట తనే అన్నదని సెనీహాకి ఒక క్షణం తర్వాతగానీ తెలియలేదు. ఇల్హాన్ ఆమె వైపు తిరిగాడు. వానలో తడిసి ఆమె రుమాలు నుదుటికి అతుక్కుపోయింది. అతను కళ్ళు తిప్పుకోలేదు.

"ఇవాళ చక్రం రుమాలే," అంది ఆమె గబగబా. "కొలతలు ఏమైనా మిగిలాయా?"

అతను ఏదో చెప్పబోయి, చెవి మీది పెన్సిలు తీసి, మళ్ళీ అక్కడే పెట్టాడు. "లేవు," అన్నాడు.

వాన వెలిసింది. ఇద్దరికీ నచ్చలేదు.

దావుత్ ఉస్తా కొత్త రాయి చెక్కడం మొదలుపెట్టాడు. సగం తులిప్పులు లేచాయి. ఆ రాయి పెట్టడానికి గుమ్మం మీది పాత సిమెంటుని మెల్లమెల్లగా ఒలుస్తుంటే, దాని కింద అప్పుడు పడిపోకుండా మిగిలిన అరచెయ్యంత పాతరాయి బయటపడింది. మూడు తులిప్ మొనలు! చెక్కుచెదరకుండా!

పరంజా కింద జనం చేరి చప్పట్లు కొట్టారు. ఇల్హాన్ తన కాగితం తీసి పక్కన పెట్టి చూశాడు. మొహం పాలిపోయింది.

రాతి మీది పూలు కుడివైపుకి వంగి ఉన్నాయి. రుమాలు మీదివి ఎడమవైపుకి.

సాయంత్రానికి ఊరంతా అదే మాట. ఎస్మా మసీదు చక్రం ఎత్తుకు రాలేదు, తన బుర్రలోంచి పుట్టించింది. నిచ్చెనా లేదు, బొగ్గూ లేదు, అంతా గొప్పలు. మా ఊళ్ళో మాట పుట్టడానికి ఒక గ్లాసు టీ చాలు.

విచిత్రమేమిటంటే, అందరికంటే ఎక్కువ మండిపడింది నానమ్మే. "మా అత్త అబద్ధం చెప్పిందా? ఎవర్రా అన్నది? ఆవిడ నోరు చెడ్డదే. చెయ్యి పిసినారిదే. కానీ అబద్ధం ఆడే మనిషి కాదు!" అని వీధిలో నిలబడి అరిచింది. ఎస్మా బతికుండగా కోడలు ఆవిడని అంత మెచ్చుకున్నది ఎప్పుడూ లేదు.

సెనీహా కుళాయి దగ్గరికి వెళ్ళింది. ఇల్హాన్ కుళాయి గట్టు మీద కూర్చుని ఉన్నాడు.

"తిప్పేస్తే సరిపోతుందేమో," అంది ఆమె. దారంతా కూడబలుక్కున్న మాట అది.

"సరిపోవచ్చు. కానీ 'సరిపోవచ్చు' అని రిపోర్టులో రాయలేను. రాయికి తగ్గట్టు తిప్పుకున్నావయ్యా అంటారు. ఎందుకు తిరగబడిందో చూపించాలి. లేకపోతే అది వేరే చక్రమనే అర్థం." అతను గులకరాయి ఒకటి తీసి దొర్లించాడు. "శుక్రవారం కమిటీ వాళ్ళు వస్తారు. నున్నటి రాయి పెట్టేసి శనివారం నేను కార్స్ వెళ్ళాలి. అక్కడ ఇంకో పని ఇచ్చారు."

కార్స్! దేశం ఆ చివర.

"అచ్చు ఎప్పుడూ తిరగేసే చెక్కుతారని నేనే చెప్పాను," అంది సెనీహా.

"మీరు నిజమే చెప్పారు. మీ తప్పేం లేదు."

తిట్టినా బాగుండేది. వెళ్ళొద్దని చెప్పాలి. ఆ ఒక్క మాట ఆమె నాలుక చివరికి వచ్చి కూర్చుంది. బిందె నిండింది, పొంగింది, నీళ్ళు వీధిలోకి పారాయి. మాట మాత్రం బయటికి రాలేదు.

గురువారం రుమాళ్ళు ఉతికే రోజు. అద్దిన గుడ్డలని వాగులో జాడించి తాళ్ళ మీద ఆరేస్తారు. సెనీహా ఆ రోజు నానమ్మతో కూడా మాట్లాడలేదు. పది మాటల్లో పదీ మిగిలాయి.

చివరి రుమాలు ఆరేసి, తాళ్ళ అవతలి గట్టు మీద మోకాళ్ళ మీద గడ్డం ఆనించి కూర్చుంది. ఎండ ఎదురుగా పడుతోంది. పల్చటి గుడ్డలోంచి వెలుగు ఇవతలికి వస్తోంది. చక్రం రుమాలు గాలికి ఉబ్బి, ఆమె ముందు నిలబడింది.

పూలు కుడివైపుకి వంగి ఉన్నాయి.

వెనకనుంచి చూస్తే ఏ రుమాలైనా అంతే కదా, అనుకుని కళ్ళు తిప్పుకోబోయింది. అప్పుడు చీమలు కనిపించాయి.

అవి చీమలు కావు.

లేచి దగ్గరికి వెళ్ళింది. గుడ్డని వేళ్ళతో సాగదీసింది. అంచు మీద, ఆకుల మధ్యన, కొత్తగా రాత నేర్చుకున్న పిల్ల వంకరటింకర అక్షరాలతో చెక్కిన పేరు. ఎస్మా. దాని పక్కన ఏడాది. భూకంపానికి ముందు ఏడాది.

"నానమ్మా!"

వాగు అవతల గొర్రెలు కూడా తలెత్తాయి. నానమ్మ ఉలిక్కిపడి లేచి తడికాళ్ళతో పరుగెత్తుకొచ్చింది. "పామా? ఏది, పామేదే?"

"చదువు నానమ్మా. ఇది చదువు!"

నానమ్మ కళ్ళు చికిలించి అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివింది. సెనీహా ఇంట్లోకి పరుగెత్తి అచ్చు తెచ్చింది. ఎనభై ఏళ్ళ నల్లరంగు పేరుకుపోయిన అంచుని ఉతుకుడు బ్రష్షుతో రుద్దితే, చెక్కలోనూ అదే పేరు సూటిగా బయటపడింది. తిరగేసి చెక్కాల్సిన పేరు సూటిగా ఉంది. బొగ్గు రుద్దిన గుడ్డని బోర్లించి అంటించకుండా, వెల్లకిలా అంటించి అలాగే చెక్కేసింది ఎస్మా. మొదటి అచ్చు. పందొమ్మిదేళ్ళు. ఎవరికీ చెప్పకుండా మూసిపెట్టిన మొదటి తప్పు.

నానమ్మ మెల్లగా రాతి మీద కూర్చుంది. భుజాలు అదిరాయి. ఏడుస్తోందేమోనని సెనీహా వంగి చూసింది. ఏడవడం లేదు. నవ్వు పట్టలేక ఊగిపోతోంది.

"తప్పు చేసింది! మా అత్త తప్పు చేసింది! నలభై ఏళ్ళు నా పులావుకి వంకలు పెట్టి... ఓ ఎస్మా, ఇన్నాళ్ళకి దొరికావే!" అని అచ్చుని గుండెకి హత్తుకుని ముద్దు పెట్టుకుంది. "నువ్వింకా ఇక్కడే నిలబడ్డావేంటే? పో! ఆ కుర్రాడు మూట సర్దుకుంటున్నాడు!"

సెనీహా తాడు మీంచి తడి రుమాలు లాగి, వెనకవైపు పైకి కనబడేటట్టు తిరగేసి తలకి కట్టుకుంది. అచ్చు చంకలో పెట్టుకుంది. పరుగు.

ఆ రోజు ఊళ్ళో సంత. "సెనీహా, రుమాలు తిరగేశావ్!" అని కూరగాయల బండి దగ్గర ఒకావిడ అరిచింది. "అమ్మాయ్, పెళ్ళికొడుకు పారిపోతున్నాడా?" అన్నాడు ఇంకెవరో. మా ఊళ్ళో రుమాలు తిరగేసి కట్టుకుని బజారుకొస్తే ముసలమ్మయ్యాక కూడా ఆ సంగతి చెప్పుకుంటారు. ఇంకోరోజైతే సెనీహా సిగ్గుతో చచ్చిపోయేది. ఆ రోజు వినబడలేదు. పెంబె మాత్రం రొట్టెల పళ్ళెం దించేసి ఆమె వెనకే పరుగెత్తింది. ఏమైందో తెలియదు. ఏదైనా సరే, తను చూడకుండా జరగకూడదు.

ఇల్హాన్ గుమ్మం ముందు కాగితాలు చుడుతున్నాడు. పక్కన దావుత్ ఉస్తా, హోజా గారు దిగులుగా నిలబడ్డారు. సెనీహా ఆయాసంతో అతని ముందుకొచ్చి ఆగింది. మాట్లాడటానికి ఊపిరి లేదు. చూస్తే చాలు, చూడగానే అతనికే తెలుస్తుంది. రుమాలు పిచ్చి మనిషి కదా!

అతను చూశాడు. సూటిగా ఆమె కళ్ళలోకి. చూస్తూనే ఉన్నాడు.

ఒకటి, రెండు, మూడు... పది దాకా లెక్కపెట్టింది సెనీహా. అతను కాగితాల చుట్ట జారవిడిచాడుగానీ చూపు మాత్రం కదపలేదు.

"మొహం కాదు!" అని అరిచింది. "రుమాలు! రుమాలు చూడండి!"

"రుమాలా?"

"నెలంతా దాన్ని చూడటానికేగా వచ్చారు! ఇవాళ చూడమంటే చూడరేం?"

"నేను..." ఇల్హాన్ గొంతు సవరించుకున్నాడు. "రుమాలు పని నాకు మూడురోజుల్లో అయిపోయింది సెనీహా గారూ. మిగతా నెలంతా... ఇక్కడ హోజా గారున్నారు, ఇప్పుడు ఎలా చెప్పను?"

"నేను పిచ్చుకల్ని చూస్తున్నా బాబూ, నువ్వు చెప్పుకో," అన్నారు హోజా గారు తల పైకెత్తి.

"నేను చూడటం లేదు, వింటున్నాను," అన్నాడు దావుత్ ఉస్తా.

"మిగతా నెలంతా మిమ్మల్ని చూడటానికి వచ్చాను. చామంతుల రుమాలు రోజు అడగాలనుకున్నది అచ్చు గురించి కాదు. నోరు తిరగలేదు. వానలో కూడా అంతే. మీరు మళ్ళీ నీళ్ళు పోస్తారేమోనని భయం."

స్తంభం వెనకనుంచి పెంబె గట్టిగా ఊపిరి వదిలి "హమ్మయ్య!" అంది.

సెనీహా మొహం తులిప్ రంగుకి తిరిగింది. అయినా తల వంచుకోలేదు. "కార్స్ వెళ్ళొద్దు," అంది. నాలుక చివర నిన్నటి నుంచి కూర్చున్న మాట అంత తేలిగ్గా దిగిపోతుందని ఆమె అనుకోలేదు. "వెళ్ళక్కర్లేదు. చీమలు చూడండి."

అతను అప్పుడు చూశాడు. పేరు చదివాడు. ఏడాది చదివాడు. ఒక్క గెంతులో పరంజా ఎక్కి అచ్చుని పాతరాయి పక్కన ఆనించాడు. అచ్చులోని మూడు మొనలూ రాతిలోని మూడు మొనలూ ఒకే దారిన వంగి, విడిపోయిన తోబుట్టువుల్లా ఒకదాని పక్కన ఒకటి ఒదిగాయి.

"ఉస్తా!" అని కేకేశాడు పైనుంచి. "మళ్ళీ మొదటి నుంచి చెక్కాలి!"

"ఇంత నవ్వుతూ ఈ మాట చెప్పినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు," అని గొణుక్కున్నాడు దావుత్ ఉస్తా.

శుక్రవారం కమిటీ వాళ్ళు నమాజు తర్వాత వచ్చారు. ముగ్గురు. అచ్చు చూశారు, రుమాలు వెనకా ముందూ చూశారు, రాయి కొలిచారు. వాళ్ళలో కళ్ళజోడు పెద్దాయన, "ఈ ఎస్మా గారు అచ్చు మీద పేరు చెక్కుకోకపోయి ఉంటే మేం ఒప్పుకునేవాళ్ళం కాదు," అన్నాడు. నానమ్మ వెంటనే అందుకుంది. "మా అత్త చాలా తెలివైనది బాబూ. తప్పు చేసినా సంతకం పెట్టి చేసింది."

కొత్త రాయి చెక్కడానికి నాలుగు నెలలు పట్టింది. ఇల్హాన్ కదల్లేదు. సెప్టెంబరులో చక్రం గుమ్మం మీదికి ఎక్కింది. ఈసారి ఇనుప పట్టీ వేసి సీసం పోశారు. దావుత్ ఉస్తా సగం చెక్కి వదిలేసిన, ఎడమవైపుకి వంగిన చక్రాన్ని నానమ్మ అడిగి తెచ్చుకుని, తన గుమ్మం పక్కన గోడకి ఆనించి పెట్టుకుంది. రోజూ పొద్దున దాన్ని చూసి ఒకసారి నవ్వుకుంటే గానీ టీ తాగదు.

ద్రాక్ష కోతలయ్యాక ఇల్హాన్ అమ్మానాన్నలు బుర్సా నుంచి పిల్లని అడగడానికి వచ్చారు. తోకాత్ నుంచి సెనీహా అమ్మానాన్నలు కూడా వచ్చారు. పెద్దగదిలో కాలు పెట్టే చోటు లేదు. సెనీహా కాఫీ పళ్ళెం పట్టుకుని వచ్చింది. మా దగ్గర పెళ్ళికొడుకు కాఫీలో చక్కెర బదులు ఉప్పు వేస్తారు. నాలుగు చెంచాలు వేసింది. అతను మొదటి రోజు టీ లాగే మాట్లాడకుండా తాగేశాడు.

ఇల్హాన్ వాళ్ళ నాన్న గొంతు సవరించుకుని, దేవుడి ఆజ్ఞతో మీ అమ్మాయిని మా అబ్బాయికివ్వమని అడగడం మొదలుపెట్టాడు. పెళ్ళికొడుకు మాత్రం అదేమీ వినడం లేదు. కళ్ళన్నీ తలుపు దగ్గర నిలబడ్డ సెనీహా మీదే ఉన్నాయి.

"ఏం నాయనా," అంది నానమ్మ గదంతా వినబడేటట్టు. "ఏం చూస్తున్నావట?"

ఇల్హాన్ ఉలిక్కిపడ్డాడు. "రుమాలు నానమ్మా. రుమాలే చూస్తున్నాను."

అందరూ ఒక్కసారి సెనీహా వైపు తిరిగారు. మరునిమిషం ఇల్లు కప్పెగిరిపోయేలా నవ్వులు.

ఆమె ఆ రోజు కట్టుకున్నది అద్దకం వేయని తెల్లరుమాలు. దాని మీద ఒక్క చీమ కూడా లేదు.